ఆరంగాల యోగం

"అనకాపల్లి తాలూకా ప్రజలందరికీ తెలియజేయడమేమనగా! రేపు ఉదయం నుంచి మన తాలూకాలో ఆకలి రద్దు చెయ్యబడింది!"

డప్పు మీద దెబ్బ పడింది. గవరపాలెం వీధిలో పొయ్యిల దగ్గర కూచున్న ఆడవాళ్లు ఊదుగొట్టాలు పట్టుకునే గుమ్మాల్లోకి వచ్చేరు. దండోరా వేసేవాడు గొంతు సవరించుకుని మిగతాది అందుకున్నాడు.

"తాలూకా ఆహార సలహా సంఘం ప్రెసిడెంటు శ్రీ సన్యాసిరావుగారి అధ్యక్షతన తీర్మానించిందేమనగా! ఆకలి అన్నది సాధన లేని మనసుకి వచ్చే జబ్బు! దీనికి యోగమే మందు! కంట్రోలు బియ్యం తగ్గించబడును, యోగం పెంచబడును! నేర్పించువారు డ్రిల్లు మాస్టారు త్రినాధరావుగారు!"

తనకి ఉద్యోగం వచ్చిన సంగతి త్రినాధరావుకి ఆ విధంగా తెలిసింది. అప్పటికి అతను ఇంటి అరుగు మీద పద్మాసనం వేసుక్కూచుని ఉన్నాడు. తన పేరు వినపడగానే లోపలికి పీల్చిన గాలి బయటికి రావడం మర్చిపోయింది.

అది పంతొమ్మిదివందల నలభయ్యారు వేసవి. యుద్ధం జరిగినన్నాళ్లూ బియ్యం యుద్ధానికి పోతున్నాయన్నారు. యుద్ధం ఆగిపోయేక బియ్యం ఎక్కడికి పోతున్నాయో చెప్పే నాథుడు లేడు. అటువంటి సమయంలో సన్యాసిరావుగారు ముందుకొచ్చి, పోతున్న బియ్యం సంగతి పక్కన పెట్టి, వస్తున్న ఆకలి గురించి ఆలోచించేరు. దేశంలో ఇంతమంది పెద్దలుండగా ఆ ఆలోచన అనకాపల్లిలో పుట్టడం మన అదృష్టం.

త్రినాధరావు ఒకప్పుడు బళ్లో డ్రిల్లు మాస్టారే. విజిలు వేస్తే వీధిలో కుక్కలు కూడా అటెన్షన్లో నిలబడేవని చెప్పుకునేవారు. మనిషి మంచివాడు గాని కోపం ముక్కు మీద ఉండేది. ఒకసారి హెడ్మాస్టరుగారు డ్రిల్లు పీరియడు తీసేసి లెక్కలకిచ్చేరు. త్రినాధరావు తిన్నగా ఆయన గదిలోకెళ్లి, హెడ్మాస్టరుగారి కుర్చీని, అందులో హెడ్మాస్టరుగారు ఉండగానే ఎత్తి తెచ్చి వరండాలో పెట్టేడు. దాంతో ఉద్యోగం పోయింది.

అప్పుడు ఉపమాక వెళ్లి, కొండ మెట్ల దగ్గర ఉంటున్న ఒక ముసలి సాధువు కాళ్ల మీద పడ్డాడు. కోపం పోయే మార్గం చెప్పమన్నాడు. "ముందు నీ ఊపిరి ఎలా వస్తోందో, ఎలా పోతోందో చూడరా" అన్నాడు సాధువు. త్రినాధరావు చూసేడు. నెలల తరబడి చూసేడు. తిరిగొచ్చిన మొగుణ్ణి చూసి అప్పలనర్సమ్మ ముందు ఏదో జబ్బు చేసిందనుకుంది. కూరలో ఉప్పెక్కువైనా అరవడు. కప్పు కారితే గిన్నె తెచ్చి కింద పెడతాడు. ఆవిడ భయపడి దిష్టి కూడా తీయించింది. తర్వాత్తర్వాత, ఇది జబ్బయినా మంచి జబ్బేనని ఊరుకుంది. బెల్లం బజారులో దిమ్మలు తూచే చోట చీటీలు రాసుకుంటూ అతను గుట్టుగా బతుకుతున్నాడు.

ఇన్నాళ్లలో ఒక్క మనిషి కూడా వచ్చి, మాస్టారూ ఆ యోగమేదో మాకూ చెప్పండి అన్న పాపాన పోలేదు. ఇవాళ తాలూకా మొత్తానికి చెప్పమంటున్నారు. త్రినాధరావు గుండెల్లో ఏదో చిన్నది తల ఎత్తింది. అది కోపం కాదు. దాని గురించి సాధువు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే సన్యాసిరావుగారి మేడకి వెళ్లేడు. సన్యాసిరావుగారు బెల్లం వర్తకులు, బియ్యం మిల్లు యజమాని, రేపో మాపో జిల్లా బోర్డుకి పోటీ చెయ్యబోయే దేశభక్తులు. మహా త్యాగి. సర్కారు బియ్యం గొడౌను తాళాలు ఇంకొకరికి బరువు కాకూడదని సొంత మొలతాడుకే కట్టుకున్నారు. ఆ వేళ ఆయన మినపరొట్టె ముక్కలు పాకంలో ముంచుకుని తింటూ తాలూకా ఆకలి గురించి బాధపడుతున్నారు. పక్కన సంఘం సెక్రటరీ అప్పారావు కలం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రండి మాస్టారూ. ఏటేటి నేర్పుతారో సెప్పండి. రికార్డు చెయ్యాల" అన్నారు సన్యాసిరావుగారు.

"యోగానికి ఎనిమిది అంగాలండి. ముందు యమం..."

"పొద్దున్నే యముడెందుకండీ!"

"యముడు కాదండి, యమం. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం."

అప్పారావు కలం ఆగింది. "అస్తేయం అంటే?"

"పరాయి సొత్తు ముట్టకపోవడం."

సన్యాసిరావుగారు నములుతున్నది ఆపేరు. "ఆ చివర్దేటి?"

"అపరిగ్రహం అండి. అవసరానికి మించి కూడబెట్టకపోవడం."

"ఎవరు కూడబెట్టకపోవడం?"

"ఎవరైనానండి."

సన్యాసిరావుగారు మూతి తుడుచుకున్నారు. "ఇది పొలిటికల్‌గా ఉంది. యోగంలోకి పార్టీ రాజకీయాలు ఎవరు తెచ్చేరోయ్ అప్పారావూ?"

"పాతకాలం వాళ్లండి. అప్పటికింకా కమిటీలు లేవు."

"తీసెయ్. రెండోదేటి మాస్టారూ?"

"నియమం అండి. శౌచం, సంతోషం..."

"ఆఁ, సంతోషం ఉంచండి. ప్రజలకి చాలా అవసరం."

"సార్, ఒక్క ముక్క ఉంచి మిగతావి తీసేస్తే టెక్నికల్‌గా ఇబ్బంది" అన్నాడు అప్పారావు.

"అలాగైతే మొత్తం తీసెయ్. సంతోషం సెపరేట్‌గా శాంక్షన్ చేద్దాం."

ఈ విధంగా అష్టాంగ యోగంలో రెండంగాలు ఏకగ్రీవంగా రద్దయి ఆరు మిగిలేయి. వేల ఏళ్లుగా ఎంతటి మునులకీ చేతకాని సంస్కరణ, మినపరొట్టె చల్లారే లోపల పూర్తయింది.

త్రినాధరావు అడ్డం చెప్పబోయేడు. "అయ్యా, ఆ రెండూ పునాది. అవి లేకపోతే మిగతావన్నీ ఉత్త కసరత్తు."

"పునాది భూమిలో ఉంటాది మాస్టారూ. అది ఎవరికి కనపడతాది సెప్పండి?" అని సన్యాసిరావుగారు లేచి, లోపల్నుంచి పట్టు శాలువా తెప్పించి అతని భుజాల మీద కప్పేరు. "నేటి నుంచి మీరు యోగాచార్య!"

శాలువా మెత్తగా ఉంది. త్రినాధరావు దాని అంచు సవరించుకుని మెట్లు దిగేడు. ఇంటికొచ్చేసరికి అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటండీ అది?"

"శాలువా. నన్ను యోగాచార్య చేసేరు."

"బియ్యం గాని ఇచ్చేరేమోనని ఎసరు పెట్టేసేను" అని ఆవిడ లోపలికెళ్లి పొయ్యి ఆర్పేసింది.

* * *

యోగం రేషన్ డిపో ముందు మొదలైంది. బియ్యం కోసం వచ్చినవాళ్లు ఎలాగూ నిలబడాలి గనక, ఆ నిలబడేదేదో యోగంగా నిలబడితే దేశానికి మంచిదని ప్రెసిడెంటుగారి అభిప్రాయం. చుట్టుపక్కల పల్లెల నుంచి చెరుకు పనివాళ్లు, బజారు కూలీలు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు చాటలూ సంచులూ పక్కన పెట్టి కూచున్నారు. త్రినాధరావు శాలువా కప్పుకుని వాళ్లముందు నిలబడ్డాడు.

"గాలి మెల్లిగా పీల్చండి. లోపల ఆపండి. దీన్ని కుంభకం అంటారు."

తుమ్మపాల నుంచి వచ్చిన మరిడమ్మ ముందు వరసలో కూచుంది. చెరుకు నరికే మనిషి, మొహమాటం లేనిది. గాలి పీల్చి, కొంచెంసేపు ఆపి, వదిలేసి అడిగింది.

"మాస్టరూ, ఇప్పుడు నా కడుపులో గాలుందా, ఆకలుందా?"

"రెండూ ఉన్నాయమ్మా."

"మరైతే ఆకలి ఎప్పుడెల్తాది?"

"అది వెళ్లదమ్మా. నువ్వు దానికి బెదరకుండా ఉంటావు, అంతే."

అప్పారావు దగ్గి, "ఆకలి క్రమేపీ తగ్గును అని చెప్పాలి మాస్టారూ" అని అందించేడు. త్రినాధరావు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అబద్ధం కాదని తనకి తనే చెప్పుకున్నాడు.

వారం తిరక్కుండా సంఘం పరీక్షలు పెట్టింది. డిపో ముందు బల్ల వేసుకుని అప్పారావు కూచున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి పద్మాసనం వెయ్యాలి, ఊపిరి బిగించాలి. బాగా చేసినవాళ్లకి ఆకలి తగ్గిపోయింది గనక సగం బియ్యం చాలు. సరిగ్గా చెయ్యలేనివాళ్లకి శ్రద్ధ లేదు గనక, శ్రద్ధ కుదిరేదాకా బియ్యం లేవు.

మరిడమ్మ వంతు వచ్చింది. బల్ల ముందు నిలబడి ఆలోచించింది.

"బాగా సేత్తే సగం. సెయ్యకపోతే సున్నా. మరి మద్దిరకంగా సేత్తే?"

"మధ్యరకం గురించి మద్రాసుకి రాసేం. జవాబు రావాలి" అన్నాడు అప్పారావు గంభీరంగా.

మద్రాసు జవాబు వచ్చేదాకా ఆగలేక మరిడమ్మ చక్కగా పద్మాసనం వేసి, ఉత్తీర్ణురాలై, సగం బియ్యం కొంగులో పోసుకు వెళ్లింది.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఆరంగాలతోనే అయినా, ఎవరూ ఆశించకపోయినా, యోగం తన పని తను చేసింది. ఇదివరకు డిపో ముందు జుట్లు పట్టుకునేవారు, తోసుకునేవారు, చాటలతో కొట్టుకునేవారు. ఇప్పుడు నిశ్శబ్దంగా కూచుంటున్నారు. కొట్లాట లేకపోయేసరికి చూడ్డానికి తీరిక దొరికింది. తమ ఊపిరిని చూసుకోవడం అలవాటైన కళ్లకి, డిపోని ఆనుకున్న గొడౌను వెనక తలుపులోంచి బయల్దేరి సన్యాసిరావుగారి మిల్లు వైపు వెళ్తున్న ఎడ్లబళ్లు కూడా కనపడ్డాయి.

మరిడమ్మ వచ్చి త్రినాధరావుకి చెప్పింది. "మాస్టరూ, ముందు తలుపుకాడ మనకి గాలి, ఎనకతలుపుకాడ బస్తాలు. సూసినావా?"

చూసేడు. ఆమె చెప్పకముందే చూసేడు. కాని భుజాల మీద శాలువా ఉంది. "సాధకుడు లోపలికి చూడాలమ్మా, బయటికి కాదు" అన్నాడు.

మరిడమ్మ తల ఊపింది. "నువ్వు సెప్పినావు గనక నిజమే అయ్యుంటాది" అని వెళ్లిపోయింది. ఆమె వేళాకోళంగా అని ఉంటే బాగుండేది. నమ్మి అంది. ఆ రోజు త్రినాధరావుకి ఎంత కూచున్నా ఊపిరి కుదరలేదు.

* * *

అనకాపల్లి ఖ్యాతి మద్రాసుకి పాకింది. ఒక తాలూకాలో తిండి తగ్గించినా జనం అల్లరి చెయ్యడం లేదట, కళ్లు మూసుకుని కూచుంటున్నారట అని పత్రికల్లో పడింది. అన్ని జిల్లాల నుంచీ బియ్యం బియ్యం అని తంతి వార్తలు అందుకుంటున్న ఒక మంత్రిగారికి అది చదివి ప్రాణం లేచొచ్చింది. స్వయంగా చూడ్డానికి వస్తున్నామని కబురు చేసేరు.

సన్యాసిరావుగారు త్రినాధరావుని మేడకి పిలిపించి, పక్కన కుర్చీలోనే కూచోపెట్టుకున్నారు.

"మంత్రిగారి ముందర మనం ఒక ఎగ్జిబిట్ సూపించాల మాస్టారూ. పూర్తిగా తిండి మానేసిన యోగి. ఉగాది నాటి నుంచి గాలి తప్ప ఏటీ పుచ్చుకోలేదని మీరు స్టేజీ మీద ఒక్క ముక్క అంటే సాలు."

"నేను తింటున్నానండి."

"తినండి. ఎవరొద్దన్నారు? మానేసేనని సెప్పండి. ఆయన వెళ్లిన మర్నాడే బళ్లో మీ డ్రిల్లు ఉద్యోగం మీకు. ఒక బస్తా సన్నబియ్యం ఇంటికి పంపించేసేను కూడాను."

బస్తా అప్పటికే ఇంట్లో ఉంది. అప్పలనర్సమ్మ దాని మూతి విప్పి, గుప్పెట్లోకి తీసుకుని వాసన చూస్తోంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. ఎన్ని నెలలయిందో రాళ్లూ పురుగులూ లేని బియ్యం చూసి. త్రినాధరావు సంగతంతా చెప్పేడు.

ఆవిడ గుప్పెట్లోని బియ్యం బస్తాలోకి వదిలేసింది. "వండి పెడితే ఇవి తిని, అక్కడికెళ్లి తిండి మానేసేనని చెప్తారా?"

"చెప్తే ఉద్యోగం ఇస్తారట."

"నేను చదువుకున్నదాన్ని కాదు. మీరు ఉపమాక నుంచి వచ్చేక నా మీద గొంతు లేపలేదు, అబద్ధం ఆడలేదు. ఆ మనిషిని నేను దిష్టి తీయించి మరీ కాపాడుకున్నాను." బస్తా మూతి మళ్లీ కట్టేసింది. "మీ ఇష్టం. వండమంటే వండుతాను. నాకూ ఆకలిగానే ఉంది."

వండమనలేదు. ఆ పూట కూడా ఇద్దరూ రాగిపిండితో కాచిన చోడంబలే తాగేరు. ఒక్క చెంబుడే ఉంటే, తన వాటాలో సగం ఆవిడ అతని గిన్నెలో వంపింది.

* * *

మంత్రిగారి సభకి బెల్లం బజారులో పందిరి వేసేరు. తోరణాలు కట్టేరు. తాలూకా ప్రజలు వరసల్లో పద్మాసనాలు వేసుక్కూచున్నారు. లేచి నిలబడే ఓపిక చాలామందికి లేకపోవడం వల్ల క్రమశిక్షణ అద్భుతంగా కనపడింది. స్టేజీ మీద పులిచర్మం, పులిచర్మం మీద త్రినాధరావు.

మంత్రిగారు బొద్దుగా, సంతోషంగా ఉన్నారు. మైకు ముందు వంగి అడిగేరు. "యోగివర్యా! మీరు ఎంతకాలంగా ఆహారం మానేశారు?"

సన్యాసిరావుగారు పక్కనుంచి "ఉగాది" అని పెదాలు కదిపేరు.

త్రినాధరావు గాలి పీల్చేడు. ఎదురుగా ఆడవాళ్ల వరసలో అప్పలనర్సమ్మ ఉంది. మరిడమ్మ ఉంది. అతను శాలువా తీసి, మడతపెట్టి, పక్కన పెట్టేడు.

"మానలేదండి. పొద్దున్నే అంబలి తాగేను. నా వాటా చాలక నా భార్య తన వాటాలోంచి పోసింది. వీళ్లందరికీ ఆకలిగా ఉందండి. యోగంతో ఆకలి పోదు. పోతుందని నేను నోటితో అనలేదు గాని, ఎవరో అంటుంటే ఊరుకున్నాను. అది నా తప్పు."

సన్యాసిరావుగారి నుదుటి మీద చెమట పొడిచింది. మంత్రిగారు త్రినాధరావు కేసి రెప్పవెయ్యకుండా చూసి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకున్నారు.

"చూశారా! ఎంత వినయం! నిజమైన యోగి తన మహిమని ఎప్పుడూ ఒప్పుకోడు! అంబలి తాగానని చెప్పుకుంటున్నాడు మహానుభావుడు!"

చప్పట్లు దద్దరిల్లేయి. త్రినాధరావు లేచి నిలబడ్డాడు. "అయ్యా, నిజంగానే తాగేనండి!"

"అద్భుతం!" అన్నారు మంత్రిగారు.

ఆడవాళ్ల వరసలోంచి మరిడమ్మ లేచింది. "బాబూ, ఆకలేత్తంది మాకు! పిల్లలు సచ్చిపోతన్నారు!"

మంత్రిగారు వేలు చూపించి మెచ్చుకున్నారు. "వినండి ఆ కంఠం! మద్రాసులో ఇంత తింటున్న నాకు కూడా అంత గొంతు లేదు. ఇది ప్రాణాయామం వల్ల వచ్చిన శక్తి కాదూ?"

త్రినాధరావు ఉన్నచోటే కూలబడ్డాడు. జీవితంలో అంత భయపడి, అంత కష్టపడి చెప్పిన నిజం, చప్పట్లలో కలిసిపోయింది. అబద్ధం ఆడి ఉన్నా ఇవే చప్పట్లు వచ్చి ఉండేవి.

అప్పుడు మంత్రిగారు, ఆనందం పట్టలేక, ఎవరూ అడగని వరం ఇచ్చేరు. "ఇక్కడ ఎవరికీ బియ్యం అక్కర్లేదు గనక మీ సర్కారు గొడౌను నిండుగా ఉండి ఉండాలి. దేశంలో మిగతా జిల్లాలు ఆకలితో అల్లాడుతున్నాయి. ఆ స్టాకంతా ఎల్లుండి ఉదయం గూడ్సు బండిలో ఎక్కించెయ్యండి సన్యాసిరావుగారూ! మీ త్యాగం చరిత్రలో నిలిచిపోతుంది!"

చప్పట్లు మళ్లీ మోగేయి. సన్యాసిరావుగారు మాత్రం కొట్టలేదు. ఆయన నోరు తెరుచుకునే ఉంది. ఊపిరి లోపలికి వెళ్లింది గాని చాలాసేపటికి గాని బయటికి రాలేదు. అంతసేపు కుంభకం ఆ తాలూకాలో ఇంకెవరూ పట్టలేదు.

* * *

చెప్పిన రోజు పొద్దున్నే మరిడమ్మ త్రినాధరావు అరుగు దగ్గరికి వచ్చింది. వెనక ఇంకా చాలామంది ఉన్నారు.

"మాస్టరూ, బియ్యం టేసనుకి ఎల్లిపోతన్నాయి. రా."

"నేనొచ్చి ఏం చేస్తానమ్మా? నిజం చెప్తేనే ఎవరూ వినలేదు."

"మేం ఇన్నాం గదా" అంది మరిడమ్మ.

త్రినాధరావు లేచేడు.

స్టేషన్లో గూడ్సు ప్లాట్‌ఫారం మీద బస్తాల బళ్లు బారులు తీరి ఉన్నాయి. జనం వెళ్లి బళ్లకీ వాగన్లకీ మధ్య కూచున్నారు. అరవలేదు, రాయి విసరలేదు. వెన్ను నిలబెట్టి, కళ్లు తెరుచుకునే కూచున్నారు. సబ్ ఇనస్పెక్టరు లాఠీ ఊపుకుంటూ వచ్చేడు.

"ఏం చేస్తున్నార్రా ఇక్కడ?"

"యోగం బాబూ" అన్నారు.

సబ్ ఇనస్పెక్టరు చిక్కులో పడ్డాడు. తాలూకాలో యోగం చెయ్యనివాళ్ల మీద చర్య తీసుకోమని ఆర్డరుంది గాని, చేస్తున్నవాళ్ల మీద లేదు. సన్యాసిరావుగారు చేతులు జోడించుకుంటూ పరిగెత్తుకొచ్చేరు.

"బాబ్బాబూ! తల్లుల్లారా! దేశం కోసం! అవతల జిల్లాలో జనం ఆకలికి సచ్చిపోతన్నారు. తొరగా లెగండి, తొరగా ఎక్కించనీయండి!"

త్రినాధరావు ఆయన మాటలు వినడం లేదు. కూలీల కేసి చూస్తున్నాడు. ప్లాట్‌ఫారం అవతలి చివర కూలీలు బస్తాలు దించుతున్నారు. ఒక్కో కూలీ రెండేసి బస్తాలు, ఒకటి ఇటు చంకలో, ఒకటి అటు చంకలో పెట్టుకుని, పాట పాడుకుంటూ నడుస్తున్నాడు. సగం రేషను తింటున్న మనుషులకి అంత బలం ఎక్కడ్నుంచి వచ్చిందో.

"మరిడమ్మా" అన్నాడు మెల్లిగా. "ఒక బస్తా దించమని చెప్పు."

మరిడమ్మ చెప్పలేదు. తనే వెళ్లి, నడుముకి దోపుకున్న చెరుకు కత్తి తీసి, దగ్గర్లో ఉన్న బస్తా పొట్టలో పొడిచి కిందికి లాగింది.

ఊక పడింది. సర్రున జారి, గాలికి లేచి, ప్లాట్‌ఫారమంతా పరుచుకుంది. సబ్ ఇనస్పెక్టరు మీసాల్లో దూరింది. మంత్రిగారిచ్చిన పూలదండ ఇంకా మెడలో ఉంచుకున్న సన్యాసిరావుగారి జుట్టు మీద వాలింది. మరిడమ్మ ఇంకోటి కోసింది. అదీ ఊకే. ఇంకోటి. మరి ఏ బస్తా కొయ్యడానికీ ఆమెకి చెయ్యి లేవలేదు. ఊకలో కూచుని, దోసిట్లోకి తీసుకుని, వేళ్లలోంచి జారుస్తూ ఉండిపోయింది.

జనం లేచేరు. త్రినాధరావు కూడా లేచేడు. హెడ్మాస్టరు కుర్చీ ఎత్తినప్పటి కోపం, అదే కోపం, మోకాళ్లలోంచి భుజాల్లోకి వచ్చేసింది. చేతులు వాటంతటవే పిడికిళ్లయ్యేయి. అందరూ అతని కేసే చూస్తున్నారు. అతను ఒక్క అడుగు ముందుకేస్తే వెనక వందమంది వేస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో అతనికి తెలుసు. కాల్పులు కూడా అవుతాయి.

ఊపిరి వస్తోంది. ఊపిరి పోతోంది. కోపం పోలేదు. ఉంది. కాని చేతులు అతని మాట విన్నాయి.

"కూచోండి" అన్నాడు. "ఎవరూ కదలొద్దు. గొడౌను తాళాలిచ్చి, బియ్యం ఎక్కడున్నాయో నిజం చెప్పేదాకా ఈయన్ని ఇక్కణ్ణించి పోనివ్వొద్దు."

కూచోమన్న మాట అందరికన్నా ముందు సన్యాసిరావుగారు పాటించేరు. ఉన్న చోటే కూలబడి, కాళ్లు ఎంతవరకు మడవబడతాయో అంతవరకు మడిచి, కళ్లు మూసుకుని, "ఓం" అన్నారు. మరి మాట్లాడలేదు.

అప్పారావు రెండు చేతులూ ఎత్తి ప్రకటించేడు. "ప్రెసిడెంటుగారు సమాధిలోకి వెళ్లిపోయారు! ఎప్పుడు తిరిగొస్తారో చెప్పలేం!"

"సమాధిలో ఉన్న మనిషిని అరెస్టు చెయ్యొచ్చునా?" అని సబ్ ఇనస్పెక్టరు పక్కనున్న హెడ్డు కానిస్టేబుల్ని అడిగేడు. హెడ్డుకి తెలీదు. పైవాళ్లకి తంతి కొట్టించి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఒక పక్కగా నిలబడ్డాడు.

త్రినాధరావు సన్యాసిరావుగారి దగ్గరికి వెళ్లి వంగి చూసేడు. "వెన్ను వంగిపోయిందండి. నిటారుగా పెట్టండి. లేకపోతే ఎక్కువసేపు కూచోలేరు" అని భుజాలు సరిచేసి, ఎదురుగా తనూ కూచున్నాడు. అప్పలనర్సమ్మ వచ్చి పక్కన కూచుంది. జనమంతా ఆయన చుట్టూ గుండ్రంగా సర్దుకున్నారు.

"మెల్లిగానే లెగండి బాబూ" అంది మరిడమ్మ ఊక దులుపుకుంటూ. "మాకు తొందరేటీ లేదు. తిండి లేకుండా కూసోడం మాకు అలవాటైపోనాది."

ఎండ పైకొచ్చింది. సన్యాసిరావుగారికి భోజనం వేళయింది, దాటిపోయింది. పుట్టి బుద్ధెరిగేక ఆయనకి అది దాటడం అదే మొదలు. చెమట ధారగా కారుతున్నా చలించలేదు. కడుపులోంచి ఒక ధ్వని వచ్చింది. అప్పారావు అది ఓంకారమన్నాడు.

అంతలో పాసింజరు బండి వచ్చి పక్క ప్లాట్‌ఫారం మీద ఆగింది. జనమంతా చుట్టూ కూచుని ఉండగా, పూలదండతో, విభూతి పూసుకున్నట్టు ఊక అంటుకున్న ఒంటితో నడుమ కూచున్న మనిషిని చూసి, ప్రయాణికులు కిటికీల్లోంచి చేతులెత్తి మొక్కేరు. ఎవరో చిల్లర విసిరేరు. ఎవరో పూలు విసిరేరు. బండి కదులుతుండగా ఒక ముసలావిడ గెలలోంచి అరటిపండు తుంచి, కళ్లకద్దుకుని, విసిరింది.

పండు తిన్నగా వచ్చి సన్యాసిరావుగారి ఒళ్లో పడింది.

బండి వెళ్లిపోయింది. చంకలో టోపీతో సబ్ ఇనస్పెక్టరు, పక్కన అప్పారావు, త్రినాధరావు, మరిడమ్మ, చంకల్లో పిల్లలు సుద్ధా అందరూ ఊపిరి బిగబట్టి ఆ పండు కేసే చూస్తున్నారు.

సన్యాసిరావుగారి కళ్లు తెరుచుకోలేదు. కుడిచెయ్యి మాత్రం మోకాలు మీంచి దిగి, మెల్లిగా తడుముకుంటూ, తొక్క మొదలు వెతకడం మొదలెట్టింది.